నెగెటివ్ ఎవరి దగ్గరుంది?

ఫిల్మ్ కెమెరా గొప్పదా, డిజిటల్ కెమెరా గొప్పదా అన్న చర్చ ఎప్పుడో ముగిసిపోయిందనుకున్నాం. ఈమధ్య అది మళ్ళీ మొదలైంది. మా విద్యార్థులు కొందరు తాతల బీరువాల్లోంచి పాత కెమెరాలు బయటికి తీసి, ఒక్కో రోలుకి వందల రూపాయలు పోసి ఫిల్మ్ కొంటున్నారు. ఎందుకని అడిగితే వాళ్ళు చెప్పే జవాబులో ఒక నైతిక స్వరం వినబడుతుంది. ముప్ఫై ఆరు ఫోటోలే ఉన్నప్పుడు మనిషి ఆలోచించి తీస్తాడనీ, ఫిల్మ్ నిగ్రహం నేర్పుతుందనీ, డిజిటల్ మనల్ని తిండిపోతుల్ని చేసిందనీ అంటారు. రెండోవైపు వాళ్ళది ప్రజాస్వామ్య వాదన. కెమెరా కొందరి సొత్తుగా ఉన్న రోజులు పోయాయి కదా, అందులో ముఖ్యంగా ఆడవాళ్ళ చేతికి వచ్చింది కదా అంటారు. రెండు వాదనల్లోనూ నిజం ఉంది. కానీ రెండూ కెమెరా వెనక నిలబడ్డ మనిషి గురించే మాట్లాడతాయి. నిగ్రహం ఆ మనిషిదే, స్వేచ్ఛా ఆ మనిషిదే. లెన్సుకి ఎదురుగా కూర్చున్న మనిషి ఈ చర్చలో ఎక్కడా లేదు.

మా అమ్మ తరం స్త్రీలలో అత్యధికులకి కెమెరా ఆ వైపు నుంచే తెలుసు. తీయడం తెలీదు, తీయించుకోవడమే తెలుసు. అందుకని ఈ రెండు యంత్రాల్నీ ఆ కుర్చీలోంచి చూడాలనిపించింది. అక్కడినుంచి చూస్తే ఏ బొమ్మ బాగుంటుందన్నది చిన్న ప్రశ్న అయిపోతుంది. ఏ కెమెరా ముందు ఆమె 'వద్దు' అనగలదు? ఎప్పుడు అనగలదు? అన్నాక ఆ మాట ఎంతకాలం నిలుస్తుంది? ఇవి అసలు ప్రశ్నలవుతాయి.

నా దగ్గర రెండూ ఉన్నాయి. మా మేనమామ ఇచ్చిన పెంటాక్స్ కె1000 ఒకటి, ఫెలోషిప్ డబ్బుతో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న నికాన్ డి90 ఇంకొకటి. పెంటాక్స్ 1976లో మార్కెట్లోకి వచ్చింది, 1997 దాకా తయారైంది. అంతా ఇనుపపని. బ్యాటరీ వెలుతురు కొలిచే ముల్లు కోసమే తప్ప, అది లేకపోయినా షట్టర్ పనిచేస్తుంది. నొక్కినప్పుడు ఫిల్మ్ మీదున్న వెండి లవణం రేణువులకి వెలుతురు తగులుతుంది. అప్పటికి కంటికేమీ కనబడదు. చీకటిగదిలో మందునీళ్ళలో ముంచాక నెగెటివ్ వస్తుంది. నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా మారి ఉంటుంది. కాగితం మీద వేసే ప్రింట్లన్నిటికీ అదే తల్లి. ప్రింటు చింపేసినా నెగెటివ్ ఉంటే ఫోటో ఉన్నట్టే. నెగెటివ్ కాలిపోతే, ఉన్న ప్రింట్లతో దాని కథ ముగిసినట్టే.

2008లో వచ్చిన డి90లో ఈ తల్లీబిడ్డల సంబంధం లేదు. కోటీ ఇరవై మూడు లక్షల చుక్కలు, ఒక్కో చుక్క మీద ఎంత వెలుతురు పడిందో చెప్పే అంకెలు, ఆ అంకెల్ని దాచుకునే కార్డు. అంకెని కాపీ చేస్తే వచ్చేది అదే అంకె. అసలు ఏది, నకలు ఏది అన్న మాటకి అర్థం పోయింది. 1975లో కొడాక్ సంస్థలో స్టీవ్ శాసన్ అనే ఇంజనీరు తయారుచేసిన మొదటి నమూనాలో ఉన్నవి పదివేల చుక్కలే. ఒక్క నలుపు తెలుపు బొమ్మని క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి దానికి 23 సెకన్లు పట్టేది. సాంకేతిక చరిత్ర రాసేవాళ్ళు దాన్నే మైలురాయిగా చెప్తారు. నాకు మాత్రం 1995 ముఖ్యమనిపిస్తుంది. ఆ సంవత్సరం క్యాసియో సంస్థ తెచ్చిన క్యూవీ-10 అనే చిన్న కెమెరాకి వీపున ఒక తెర ఉంది. తీసిన బొమ్మని ఆ క్షణాన అక్కడే చూసుకోవచ్చు. అప్పటికప్పుడు కాగితం బయటికొచ్చే పోలరాయిడ్ కెమెరాలు 1948 నుంచీ ఉన్నా అవి మన ఇళ్ళ దాకా వచ్చింది తక్కువ. ఆ తెర తీసేవాళ్ళ సౌకర్యం కోసం పెట్టిందే. కానీ ఎదురుగా కూర్చున్న మనిషి లేచి వచ్చి "ఏదీ, చూపించు" అనడానికి కూడా అదే వీలు కల్పించింది.

ఆ వీలు లేని కాలం ఎలా ఉండేదో పెళ్ళిచూపుల ఫోటో చెప్తుంది. స్త్రీల జీవితంలో దానికున్నంత బరువు ఇంకే ఫోటోకీ లేదేమో. 1993లో మా పిన్నిని మా ఊరికి దగ్గర్లో ఉన్న పట్నంలో స్టూడియోకి తీసుకెళ్ళారు. నిలబడి ఒకటి, కూర్చుని ఒకటి, మొహం దగ్గరగా ఒకటి. వెనక సరస్సు, కొబ్బరిచెట్లు గీసిన పరదా. గడ్డం కొంచెం పైకెత్తమనీ, నవ్వమనీ, అంతగా నవ్వొద్దనీ చెప్పింది స్టూడియో అతను. వారం తర్వాత కవర్లో పది కాపీలు వచ్చాయి. కవరు మీద నెగెటివ్ నంబరు రాసి ఉంది, ఇంకా కావలిస్తే ఆ నంబరు చెప్తే చాలు. పిన్ని తన ఫోటోని మొదటిసారి చూసింది అప్పుడే. "ఇందులో నేను నాలా లేను" అంది. బాగా రాలేదంటే మళ్ళీ తీయించాలి, మళ్ళీ డబ్బు. పది కాపీలు దండగవుతాయి. అందుకని ఆ 'నాలా లేని' ఫోటోయే జాతకంతోపాటు ముక్కూమొహం తెలియని పది ఇళ్ళకి వెళ్ళింది.

సంబంధం కుదరకపోతే ఫోటో తిప్పి పంపమని అడగడం రివాజు. మా అమ్మమ్మ క్యాలెండర్ కాగితం వెనక లెక్క రాసుకునేది. పదింటిలో వెనక్కి వచ్చినవి నాలుగు. తక్కిన ఆరు ఏ ఇళ్ళలో, ఏ పుస్తకాల మధ్య, ఏ ట్రంకుపెట్టెల అడుగున ఉన్నాయో ఎవరికీ తెలీదు. ఇంతలో స్టూడియో అతను మొహం ఫోటోని పెద్దది చేసి రోడ్డువైపున్న అద్దాల బీరువాలో పెట్టాడు. తాతయ్య వెళ్ళి తీయించారు. "అమ్మాయి ఫోటో చక్కగా వచ్చిందండీ, అందుకే పెట్టాం" అన్నాడతను. తాతయ్య అభ్యంతరం ఇంటి పరువు గురించి. పిన్ని అభ్యంతరం తన మొహం గురించి. మొదటిది వినబడింది, బోర్డు మీదనించి ఫోటో దిగింది. రెండోదాన్ని ఎవరూ అభ్యంతరంగా గుర్తించలేదు.

అందుకే, ఫిల్మ్ నేర్పే నిగ్రహం అన్న మాట విన్నప్పుడు ఆ నిగ్రహం ఖర్చు ఎవరు భరించారని అడగాలనిపిస్తుంది. ఫిల్మ్ ఖరీదైనది కాబట్టి ఫోటోగ్రాఫర్ ఆచితూచి తీశాడు, నిజమే. ఫిల్మ్ ఖరీదైనది కాబట్టే ఎదుటి మనిషికి "ఇంకోసారి" అనే అవకాశం లేకపోయింది, ఇదీ నిజమే. పొదుపు వేరు, గౌరవం వేరు. ఫిల్మ్ కాలంలో మనం ఆ రెంటినీ ఒకటిగా పొరబడ్డాం.

ప్రపంచమంతా తెలిసిన రెండు ఫోటోలు గుర్తుచేసుకుందాం. 1936లో కాలిఫోర్నియాలో బఠాణీ తోట కూలీల గుడారాల దగ్గర డొరోతియా లాంగ్ పిల్లలతో ఉన్న ఒక తల్లిని బరువైన కెమెరాతో తీసింది. కొద్ది ఫిల్ములే వాడింది. అమెరికా ఆర్థిక మాంద్యానికి ఆ ముఖమే గుర్తయిపోయింది. ఆ స్త్రీ పేరు మాత్రం లాంగ్ రాసుకోలేదు. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. ఆ ఫోటో వల్ల తనకి ఒరిగిందేమీ లేదని ఆమె అప్పుడు బాధపడింది. తీసిన మనిషి స్త్రీ, పేదల పట్ల నిజమైన సానుభూతి ఉన్న స్త్రీ. 1984లో పెషావర్ దగ్గరి శరణార్థి శిబిరంలో స్టీవ్ మెకరీ తీసిన ఆకుపచ్చ కళ్ళ అఫ్ఘాన్ బాలిక మరుసటి ఏడాది నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రమైంది. ఆమె పేరు షర్బత్ గులా అని 2002లో వెతికి కనుక్కునేదాకా, పదిహేడేళ్ళపాటు, ఆ కళ్ళకి పేరు లేదు. రెండూ ఫిల్మే. రెండింటిలోనూ కళ ఉంది, నిగ్రహం ఉంది. లేనిదల్లా ఆ మనిషితో రెండు మాటలు.

చట్టం ఈ విషయంలో ఏమంటుందో చూడటం కూడా ఆసక్తికరమే. మన 1957 నాటి కాపీరైట్ చట్టంలో 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఫోటోకి మొదటి హక్కుదారు దాన్ని తీసిన వ్యక్తి. డబ్బిచ్చి తీయిస్తే, తీయించిన వ్యక్తి. అంటే పిన్ని ఫోటో తాతయ్యది. ఫోటోలో ఉన్న మనిషికి ఆ సెక్షన్లో చోటు లేదు. ఫిల్మ్ అయినా డిజిటల్ అయినా ఇదే.

మరి స్త్రీలే స్త్రీలని తీస్తే? ఆ ప్రయత్నం మన హైదరాబాద్‌లోనే ఎంతో ముందు జరిగింది. ఆరో నిజాం కొలువులో ఫోటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ 1892లో ఇక్కడ పరదా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచాడు. కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ దాన్ని నడిపింది. చుట్టూ ఎత్తైన గోడలు, లోపల మగవాళ్ళు ఉండరు. ఆ గోడల్ని నేను తేలిక చేయను. బయటి చూపు లేకుండా, తనకి నచ్చినట్టు కెమెరా ముందు కూర్చునే గంటసేపు ఒక స్త్రీకి దొరకడం చిన్న విషయం కాదు. కానీ గోడలు ఫోటో తీసే గంటకే కాపలా. తీసిన తర్వాత ఆ గాజు ప్లేటు ఎవరి దగ్గర ఉండాలి, ఎన్ని ప్రింట్లు వేయాలి, అవి ఎవరి చేతికి వెళ్ళాలి అన్న ప్రశ్నలకి గోడలు జవాబు చెప్పలేవు. నూటముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా మనం అక్కడే ఉన్నాం. ఫోటో తీసే క్షణానికి కాపలా కాయడం తెలుసు గానీ ఆ తర్వాత దాని జీవితానికి కాపలా కాయడం తెలీదు.

ఇప్పుడు డిజిటల్ కెమెరా వైపుకి వస్తాను. స్త్రీల పాటల మీద పనిచేస్తున్నప్పుడు నల్గొండ జిల్లాలో ఒక పెద్దావిడ దగ్గరికి తరచుగా వెళ్ళేదాన్ని. ఒకరోజు ఆమె గడప దగ్గర కింద కూర్చుని చాటలో బియ్యం ఏరుతూ పాడుతోంది. పక్కనుంచి వెలుతురు. ఫోటో తీస్తానని చెప్పి తీశాను. నా కంటికి అద్భుతంగా కనబడింది. ఆమె తెర చూపించమంది. చూసి, కొంచెంసేపు ఏమీ అనలేదు.

"ఇది తీసెయ్ బిడ్డా" అంది.

"మంచిగుంది కదమ్మా" అన్నాను.

"నీకు మంచిగుంటది. ఇండ్ల నేను ఎవరింట్లనో పనిజేస్తున్నట్టున్న. ఆగు, తలకు నూనె వెట్టుకొని ఒస్త."

నూనె పెట్టుకుని, జడ వేసుకుని, మంచి చీర కట్టుకుని వచ్చింది. లోపల్నుంచి కుర్చీ తెప్పించి, వీపు నిటారుగా పెట్టి, కెమెరాలోకి సూటిగా చూసింది. సాహిత్య విద్యార్థులుగా మనం 'సహజం' అన్న మాటకి ఎంత విలువిస్తామో ఆ రోజు ఆలోచించాను. నాకు సహజంగా కనబడ్డది ఆమెకి తన కష్టం. నాకు కృత్రిమంగా కనబడ్డది ఆమెకి తన గౌరవం. ఫిల్మ్ కెమెరా అయితే ఈ సంభాషణ జరిగేది కాదు. నేను హైదరాబాద్ వచ్చి కడిగించుకుని, నాకు నచ్చినదాన్ని నేను ఎంచుకునేదాన్ని. ఆమెకి ఒక ప్రింటు పంపేదాన్ని, అంతే. కెమెరా వీపు మీద ఉన్న మూడంగుళాల తెర ఆమెని ఆ ఎంపికలో భాగస్వామిని చేసింది. దీన్ని నేను చిన్న లాభంగా చూడను.

ఆమె ఎదురుగానే చెత్తబుట్ట గుర్తున్న మీట నొక్కి ఆ మొదటి ఫోటో తీసేశాను. ఆమె తృప్తి పడింది. అయితే అక్కడ నిజంగా జరిగిందేమిటి? చెరిపినప్పుడు ఆ అంకెలు కార్డులోంచి పోవు. ఫలానా చోట ఫలానా ఫోటో ఉందని చెప్పే పట్టికలో దాని పేరు కొట్టివేయబడుతుంది, ఆ చోటు ఖాళీ అని రాసుకుంటుంది కెమెరా. దాని మీద ఇంకో ఫోటో పడేదాకా, తగిన సాఫ్ట్‌వేర్ ఉంటే దాన్ని మళ్ళీ బయటికి తీయొచ్చు. కాలిన నెగెటివ్ బూడిదవుతుంది, ఆమె దాన్ని కళ్ళతో చూడగలదు. చెరిపిన ఫోటో నేనిచ్చిన మాట మాత్రమే. ఆమె నమ్మింది కెమెరాని కాదు, నన్ను.

ఈ రెండు యంత్రాల మధ్య నైతికమైన తేడా నాకు ఇక్కడ కనబడుతుంది. ఫిల్మ్ స్త్రీకి చూసే అవకాశం ఇవ్వలేదు గానీ, ఆమె ఫోటోకి ఒక చిరునామా ఉండేది. నెగెటివ్ ఏ బీరువాలో ఉందో కనీసం అడగొచ్చు. పదింటిలో ఆరు రాలేదని అమ్మమ్మ లెక్క రాసుకోగలిగింది. డిజిటల్ ఆమెకి చూసే అవకాశం ఇచ్చింది, ఆ చిరునామాని తీసేసింది. ఇప్పుడు లెక్క రాసుకోవడానికి క్యాలెండర్ కాగితం చాలదు. పైగా ఆ ఫైలు కనబడనివి కూడా మోసుకెళ్తుంది. ఏ రోజు, ఏ నిమిషాన తీశారో దానిలో రాసి ఉంటుంది. ఫోనుతో తీస్తే, ఆ సదుపాయం ఆపకపోతే, ఏ చోట తీశారో కూడా ఉంటుంది. ఇల్లు వదిలి వచ్చి ఎక్కడో తలదాచుకున్న ఒక స్త్రీ విషయంలో ఆ ఒక్క వివరం ఎంత ప్రమాదమో విడమరిచి చెప్పక్కర్లేదు.

2021 జూలైలోనూ, 2022 జనవరిలోనూ రెండు యాప్‌లలో ముస్లిం స్త్రీల ఫోటోల్ని 'వేలం' పేరుతో పెట్టారు. వాళ్ళలో జర్నలిస్టులు, కార్యకర్తలు ఉన్నారు. ఆ ఫోటోలు ఎవరో దొంగచాటుగా తీసినవి కావు. వాళ్ళు ఇష్టపడి, బాగున్నాయనుకుని, తమ పేర్లతో బయట పెట్టుకున్నవి. 2023 నవంబరులో నటి రష్మిక ముఖాన్ని ఇంకొక మహిళ వీడియోకి అతికించి తిప్పారు. ముఖం పోగొట్టుకున్న స్త్రీ గురించి దేశమంతా మాట్లాడింది. శరీరం పోగొట్టుకున్న రెండో స్త్రీ గురించి మాట్లాడింది తక్కువ. ఇక్కడ 'తీయడానికి ఒప్పుకుంది కదా' అన్న పాత వాదన పూర్తిగా చేతులెత్తేస్తుంది.

2013లో నేరచట్టాలకి చేసిన సవరణలో ఒక మంచి ఆలోచన ఉంది. స్త్రీ ఏకాంతానికి సంబంధించిన దృశ్యాల విషయంలో, చిత్రించడానికి ఒప్పుకోవడం వేరు, దాన్ని ఇతరులకి పంచడానికి ఒప్పుకోవడం వేరు అని అది చెప్పింది. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 77వ సెక్షన్‌లోనూ అది ఉంది. చట్టానికి దాని పరిధి ఉంటుంది. కానీ ఆ సూత్రాన్ని మనం ఏకాంత దృశ్యాలకే పరిమితం చేసుకోనక్కర్లేదు. బియ్యం ఏరుతున్న ఫోటోకీ అది వర్తిస్తుంది. సమ్మతి అనేది ఒకసారి తీసుకుని ఫైల్లో పెట్టుకునే సంతకం కాదు. ఫోటో కొత్త చోటికి వెళ్ళిన ప్రతిసారీ మళ్ళీ అడగవలసిన ప్రశ్న.

దీన్ని మనకంటే ముందే ఆలోచించినవాళ్ళున్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలకి చెందిన దళిత స్త్రీలు 1990ల చివర్లో వీడియో కెమెరా పట్టుకోవడం నేర్చుకున్నారు. చాలామందికి చదువు లేదు. కెమెరా కోణాలకి వాళ్ళు పెట్టుకున్న పేర్లు ఏ సినిమా సిద్ధాంత గ్రంథంలోనూ దొరకవు. కిందనుంచి పైకి చూస్తే అది పటేల్ షాట్, ఎందుకంటే పటేల్‌ని ఎప్పుడూ అలాగే చూడాల్సి వచ్చేది. పైనుంచి కిందికి చూస్తే బానిస షాట్. కళ్ళకి కళ్ళు సమానంగా ఉంటే సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ నేలమీద సమానంగా కూర్చుంటారు. లారా మల్వీ 1975లో సినిమాలోని మగచూపు గురించి రాసిన వ్యాసాన్ని మనం తరగతుల్లో ఏళ్ళ తరబడి చెప్తున్నాం. ఆ స్త్రీలు అది చదవకుండానే చూపులో అధికారం ఏ ఎత్తున కూర్చుంటుందో కొలిచారు. కుర్చీ తెప్పించుకున్న నల్గొండ పెద్దావిడ కూడా అదే కొలిచింది.

ఇక మన గురించి. స్త్రీవాదులుగా, పరిశోధకులుగా మనం తెస్తున్న పుస్తకాల అట్టల మీద చూడండి. నాట్లు వేసే స్త్రీ, బీడీలు చుట్టే స్త్రీ, ముడతలు పడ్డ ముఖం, పగిలిన చేతులు. లోపలి పేజీలో ఫోటో తీసినవారి పేరు ఉంటుంది. ఫోటోలో ఉన్నవారి పేరు సాధారణంగా ఉండదు. ఆమె పేరు చెప్పొద్దంటే అది వేరు సంగతి. అడిగామా అన్నదే ప్రశ్న. వ్యాసాల్లో మనం ఆమె గొంతు వినాలంటాం, అట్టమీద ఆమె ముఖాన్ని 'శ్రామిక స్త్రీ' అనే భావానికి బొమ్మగా వాడుకుంటాం. లాంగ్ చేసినదానికీ దీనికీ ఎంత దూరం ఉంది?

రోలాఁ బార్త్ ఫోటోగ్రఫీ మీద 1980లో అచ్చయిన తన చివరి పుస్తకంలో, తల్లి చిన్ననాటి ఫోటో ఒకదాని చుట్టూ ఎన్నో పేజీలు రాశాడు. పుస్తకంలో చాలా ఫోటోలు వేశాడు గానీ ఆ ఒక్కటీ వేయలేదు. దాని బరువు తనకే తప్ప చదివేవాళ్ళకి తెలియదని అతని కారణం. నాకు అందులో ఇంకో పాఠం కూడా కనబడింది. ఒక ఫోటో గురించి చెప్పడానికి దాన్ని చూపించి తీరాలని లేదు. మన విద్యారంగం 'ఆధారం' అనే పేరుతో చూపించి తీరాలంటుంది.

నా సిద్ధాంత గ్రంథం అనుబంధంలో ఏడుగురు గాయనుల పేజీలు ఉన్నాయి. నలుగురివి ఫోటోలు, వాళ్ళు తెరమీద చూసి ఎంచుకున్నవి. ముగ్గురివి ఖాళీ చట్రాలు. ఒకరు మొదటే వద్దన్నారు. ఒకరు కోడలు ఒప్పుకోదన్నారు. ఇంకొకరు ముందు సరేనని, ఏడాది తర్వాత ఫోన్ చేసి "నాది వెయ్యకు బిడ్డా" అన్నారు, కారణం చెప్పలేదు, నేను అడగలేదు. వైవాలో ఒక పరీక్షకులు ఆ ఖాళీలు చూసి, అచ్చువేసేటప్పుడు ఏదైనా జరిగిందా అని అడిగారు. లేదు సార్, వాళ్ళు వద్దన్నారు అని చెప్పాను. ఆయన ఆ పేజీలు ఇంకోసారి తిప్పి చూసి, తర్వాతి ప్రశ్నకి వెళ్ళారు.